బొమ్మ నంబరు రెండు

మా నర్సింగ్ కాలేజీలో రోగి బొమ్మ ఒకటి ఉంది. మనిషంత పొడుగు. పడుకోబెడితే కళ్ళు మూస్తుంది, లేపితే తెరుస్తుంది. ఛాతీ మీద నొక్కితే లోపల టిక్కుమంటుంది. చేతుల్లో రబ్బరు నరాలుంటాయి. ఆడపిల్లలు దానికి సూదులు పొడిచి, ఒళ్ళు తుడిచి, పక్క మార్చి పని నేర్చుకోవాలని పైవాళ్ళు పంపించారు. అది వచ్చి నాలుగేళ్ళయింది. దాన్ని ముట్టుకున్న ఆడపిల్ల ఇంతవరకు లేదు.

తప్పు బొమ్మది కాదు. వచ్చిన మొదటి వారంలో, ల్యాబు చూసుకునే ఎస్తేరు రాణి మేడం పిల్లలకి చూపించడానికని దాని భుజానికి ఒక సూది పొడిచారు. ఆ నెలలోనే స్టాకు తనిఖీకి వచ్చినాయన భూతద్దం పెట్టి చూసి, కుడి భుజమున ఒక రంధ్రము కలదని రాసుకుపోయాడు. పదిహేను రోజులకి మెమో వచ్చింది. "ప్రభుత్వ ఆస్తియందు రంధ్రము ఏర్పడుటకు గల కారణములను మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలియజేయవలెను." సూది పొడవడానికే కదండీ ఆ బొమ్మ అని మేడం జవాబు రాశారు. "సదరు బొమ్మ సూది మందు నేర్పుటకు సరఫరా చేయబడినదే గాని రంధ్రములు చేయుటకు కాదు" అని తిరుగు టపాలో వచ్చింది.

ఆ ఒక్క రంధ్రానికి మేడం ఏడాది పొడుగునా జవాబులు రాస్తూనే ఉన్నారు. తరవాత బొమ్మని అద్దాల బీరువాలో నిలబెట్టి, తాళం వేసి, తాళం మీద లక్కతో సీలు కొట్టారు. సోమవారం సోమవారం బయటి నుంచి అద్దం తుడవడం నా పని. నేను ఆ కాలేజీలో అటెండర్ని. పేరు తవిటయ్య.

ఇలా రెండేళ్ళు హాయిగా జరిగింది. అప్పుడు నర్సింగ్ విద్య ప్రమాణాలు కాపాడే మండలి ఒకటి కొత్త నిబంధన పెట్టింది. "ప్రతి విద్యార్థినియు రోగిని తాకుటకు మునుపు బొమ్మపై నలుబది సూది మందులు, ఇరువది పర్యాయములు ఒడలు తుడుచుట, నూరు ఉష్ణోగ్రత పరీక్షలు పూర్తి చేసి యుండవలెను. అట్లు చేయించని కళాశాల గుర్తింపు రద్దు చేయబడును."

కాలేజీకీ పెద్దాసుపత్రికీ మధ్య ఒక్క గోడే అడ్డం. గోడకి అవతల మంచానికి ఇద్దరేసి రోగులు మూలుగుతూ ఉంటారు. ఇవతల నలభై ఒక్కమంది పిల్లలు నోట్సు రాసుకుంటూ ఉంటారు. మధ్యలో చిన్న గేటు ఉంది. గేటు తీద్దామంటే నిబంధన ఒప్పుకోదు. బీరువా తీద్దామంటే స్టాకు ఒప్పుకోదు.

ప్రిన్సిపాల్ వరాహలక్ష్మి గారు మీటింగు పెట్టారు. ఎస్తేరు రాణి మేడమూ, స్టోర్ కీపరు గవరయ్యా కూర్చున్నారు. నేను టీ పట్టుకెళ్ళాను.

"బొమ్మని ముట్టుకోకూడదు. ముట్టుకున్నట్టు ఉండాలి. మార్గం చెప్పండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

"చేసినట్టు లాగ్ బుక్కుల్లో రాయించేద్దామండి," అన్నారు మేడం.

"రాయించడం ఎలాగూ రాయిస్తాం. తనిఖీకి వచ్చినవాళ్ళు ఓ పిల్లని పిలిచి, చేసి చూపించమంటేనో?"

ప్రిన్సిపాల్ గారు టీ కప్పు అందుకుంటూ నా మొహం చూశారు. నేను ఆవిడ దగ్గర పద్నాలుగేళ్ళుగా పని చేస్తున్నాను గాని ఆవిడ నన్ను అంతసేపు చూడడం అదే మొదలు.

"తవిటయ్యా, నువ్వు నిన్న మొత్తం మీద ఎన్ని మాటలు మాట్లాడావు?"

లెక్క వేసుకున్నాను. "రెండండి."

"ఏమిటవి?"

"టీ అయిపోయిందండి."

"కదలకుండా ఎంతసేపు ఉండగలవు?"

దానికి గవరయ్య జవాబు చెప్పాడు. "పొద్దున స్టూలు మీద కూచుంటే సాయంత్రానికి అలాగే ఉంటాడండి. బల్లనుకుని నేనే రెండు మూడుసార్లు ఫైళ్ళు పెట్టీసినాను ఆయన మీద."

ఆ సాయంత్రమే నన్ను స్టాకు రిజిస్టరులో ఎక్కించారు. బొమ్మ నంబరు రెండు. జీవము గల నమూనా, దేశవాళీ, పురుష, ఒకటి. తయారీదారు పేరు అనే గడి దగ్గర గవరయ్య ఆగి, "మీ అయ్య పేరేటి?" అని అడిగి రాసుకున్నాడు. తయారైన సంవత్సరం గడిలో ఆ రోజు తేదీ వేశాడు. అలా నేను అరవై ఒకటో ఏట మళ్ళీ పుట్టాను. గ్యారంటీ గడిలో గీత పెట్టాడు.

వస్తువు సంతకం పెట్టదు గనక హాజరు పుస్తకంలో నా పేరు కొట్టేశారు. జీతం మరమ్మతులూ నిర్వహణా కింద వేశారు. వచ్చే జూన్‌లో నా రిటైర్మెంటు. అది అడిగితే ప్రిన్సిపాల్ గారు నవ్వి, "వస్తువుకి రిటైర్మెంటు ఉండదు తవిటయ్యా. కండెం ఉంటుంది, అంటే పనికిరాదని రాసి పారేయడం. దానికి కమిటీ కూర్చోవాలి," అన్నారు. గవరయ్య ఎర్ర రంగు డబ్బా తెచ్చి నా జబ్బ మీద నంబరు వేశాడు. అది ఆరేదాకా చెయ్యి పైకెత్తి నిలబడ్డాను.

ఇంటికెళితే మా ఆడది పారమ్మ ఆ జబ్బ పట్టుకుని దీపం దగ్గరికి లాగింది.

"ఇదేటి, కుర్చీలకేసినట్టు వేసీసినారు?"

"బొమ్మ డ్యూటీ."

"ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యకూడదు."

"నలభయ్యేళ్ళ నుంచీ నా ఇంట్లో చేస్తన్నది అదే కదా. దానికి అక్కడ నంబరేసి మరీ పెట్టుకున్నారా," అని కూడు వడ్డించింది.

మర్నాటి నుంచి పని మొదలైంది. ల్యాబులో మంచం మీద పడుకునేవాణ్ణి. రోజుకి ఐదుగురు ఆడపిల్లలు నా ఒళ్ళు తుడిచేవాళ్ళు. అంత శుభ్రంగా నేను పెళ్ళినాడు కూడా లేను. సూదులు నీళ్ళ సూదులు. మొదట్లో మేడం జాలిపడి దిండుకి పొడిపించారు. దిండు కూడా స్టాకులో వస్తువే, రంధ్రము పడితే మళ్ళీ మెమో వస్తుందని గవరయ్య గుర్తు చేశాక మానేశారు. నాకు పడిన రంధ్రాలు రెండు రోజుల్లో వాటంతటవే పూడిపోతాయి. ఈ సదుపాయం విదేశీ బొమ్మకి లేదని మండలికి రాసిన నివేదికలో ప్రత్యేకంగా పేర్కొన్నారు. మండలివారు హర్షం వెలిబుచ్చారు.

మొదటి బొమ్మతో పాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. బొమ్మ ఉష్ణోగ్రత తొంభై ఎనిమిది పాయింట్ ఆరు, నాడి డెబ్బై రెండు, ఊపిరి పదహారు అని అందులో అచ్చు వేసి ఉంది. రెండో బొమ్మకి వేరే పుస్తకం లేదు గనక అదే వర్తింపజేశారు. పిల్లలు తెలివైనవాళ్ళు. నా చంకలో ధర్మామీటరు పెట్టి, తీసి, చూడకుండా తొంభై ఎనిమిది పాయింట్ ఆరు వేసేవాళ్ళు. ఇంకా తెలివైనవాళ్ళు పెట్టకుండానే వేసేవాళ్ళు. తరగతికల్లా మొదటి ర్యాంకు హిమబిందు అనే అమ్మాయిది. ఆ అమ్మాయి నూరు పరీక్షలూ హాస్టల్లో కూర్చుని ఒక్క మధ్యాహ్నంలో పూర్తి చేసింది. దస్తూరీ ముత్యాల్లా ఉందని మేడం ఆ పుస్తకం అందరికీ చూపించారు.

బిడ్డిక సువర్ణ ఒక్కతే వెనకబడింది. కొండమీది పిల్ల, జాతాపుల అమ్మాయి. ధర్మామీటరు పెట్టాక ఐదు నిమిషాలూ గడియారం చూస్తూ నిలబడేది. తీసి కిటికీ వెలుతురులో పెట్టి చూసేది.

"తాతా, ఈయేళ తొంభై ఏడున్నర. పొద్దుట ఏటీ తిన్లేదేటి?"

నేను కళ్ళు మూసుకుని ఉండేవాణ్ణి. బొమ్మ జవాబు చెప్పకూడదు.

"మాటాడకపోతే పోనీలే. బుగ్గలు పీక్కుపోనాయి," అని హాస్టల్ ఇడ్లీ ఒకటి నా నోట్లో కుక్కేది. ఇది నిబంధనకి విరుద్ధం. నేను నమిలేవాణ్ణి. అదీ విరుద్ధమే.

ఆ అమ్మాయి చేతులు పని చేస్తుంటే నోరూ ఊరుకునేది కాదు. "మా ఊరి సబ్ సెంటరుకి నాలుగేళ్ళ నుంచీ తాళమే తాతా. నర్సు లేదు. జొరమొస్తే డోలీ కట్టి కిందకి దించాలి. గెడ్డ పొంగితే అదీ లేదు. మా పెద్దమ్మ గెడ్డ ఒడ్డునే పోనాది, అవతల రోడ్డు మీద జీపు కనిపిస్తానే ఉంది. నాను పాసయితే ఆ పోస్టు నాకే ఇస్తానన్నారు ఆఫీసరుగోరు. ఈ సమ్మచ్చరం తప్పితే ఇంకెవలికో ఇచ్చీస్తారు." అలా చెబుతూ నా కాలి గోళ్ళు తీసేది. గోళ్ళు సిలబస్‌లో లేవు.

పరీక్ష ఇంకో రెండు రోజులుందనగా నాకు చలి పుట్టింది. పళ్ళు టకటకలాడాయి. మధ్యాహ్నానికి ఒళ్ళు పొయ్యిలా అయింది. ప్రిన్సిపాల్ గారి గదికి గోడ పట్టుకుంటూ వెళ్ళాను.

"ఆసుపత్రికి పోతానండి."

ఆవిడకి నా మీద కోపం రాలేదు. ఓపిగ్గా చెప్పారు. "తవిటయ్యా, ఆసుపత్రిలో మనుషుల్ని చూస్తారు. నువ్వు అక్కడికి వెళ్ళాలంటే ముందు మనిషివి కావాలి. నువ్వు మనిషివి అయ్యావంటే ఎల్లుండి నలభై ఒక్కమందికి బొమ్మ లేదు. బొమ్మ లేకపోతే గుర్తింపు లేదు. ఉపకరణం పని చేయకపోతే ఏం చేయాలో రూల్సులో స్పష్టంగా ఉంది."

ఉన్న ప్రకారం జిల్లా పరికరాల మరమ్మతు విభాగం నుంచి మెకానిక్‌ని పిలిపించారు. స్క్రూడ్రైవర్ సంచితో వచ్చి, నా నుదురూ పొట్టా తడిమి చూశాడు.

"హీటెక్కుతోందండి. రోజుకి ఎన్ని గంటలు వాడతన్నారు?"

"ఎనిమిది," అన్నారు మేడం.

"మధ్యమధ్యలో ఆపాల. కాస్త గాలి తగిలేటట్టు పెట్టండి. ఈ మోడల్‌కి స్పేర్లు రావడం లేదు," అని కాగితం రాసిచ్చి వెళ్ళిపోయాడు. మంచం కిటికీ పక్కకి జరిపారు. ఆ రెండు రోజుల్లో నాకు అందిన వైద్యం అదొక్కటే, అందుకని అతన్ని ఏమీ అనను.

పరీక్ష నాడు మండలి తరఫున డాక్టర్ చక్రధరం గారు వచ్చారు. పిల్లల్ని నిలబెట్టి ఉపన్యాసమిచ్చారు. "మూల్యాంకనం వస్తునిష్ఠముగా ఉండాలి. ప్రశ్నకు జవాబు ఒక్కటే ఉండాలి. అది పరీక్షకు ముందే ఉండాలి. అప్పుడే న్యాయం జరుగుతుంది." ఆ మాట అంటూ సీలు వేసిన కవరు విప్పారు. ఉష్ణోగ్రత, తొంభై ఎనిమిది పాయింట్ ఆరు.

పిల్లలు ఒకరి తరవాత ఒకరు వచ్చారు. నా పళ్ళు టకటకమంటుంటే హిమబిందు కొంచెం ఆగింది. మేడం వంక చూసింది. మేడం కిటికీ వంక చూశారు. హిమబిందు తొంభై ఎనిమిది పాయింట్ ఆరు వేసి, దుప్పటి మూలలు తొంభై డిగ్రీల కోణంలో మడిచి వెళ్ళింది. దుప్పటి మడతకి పదికి పది వచ్చాయి. అలా నలభై మంది వచ్చారు, నలభై మందీ మడిచారు.

ఆఖరి నంబరు సువర్ణది. ధర్మామీటరు తీయకముందే అరచెయ్యి నా నుదుటి మీద పెట్టింది.

"తాతా, కాల్తన్నావు."

ధర్మామీటరు పెట్టి, ఐదు నిమిషాలు నిలబడి, కిటికీ దగ్గర చూసింది. వెనక్కి తిరిగింది. "మేడం, తాతకి నూట మూడుంది."

"ఎవరు తాత?" అన్నారు చక్రధరం గారు.

"ఈ తాతే సార్. వణికిపోతన్నాడు. పొద్దున్నుంచీ ఎవలూ సూడలేదా?"

"అమ్మాయీ, ఇక్కడున్నది ఉపకరణం. దాని ఉష్ణోగ్రత నిర్ణీతం. పత్రంలో తొంభై ఎనిమిది పాయింట్ ఆరు అని ఉంది."

"పత్రంలో అలగే ఉంటాది సార్. ఒంట్లో నూట మూడుంది."

"పరీక్ష పత్రానికి గాని ఒంటికి కాదు," అన్నారాయన. కోపం లేదు ఆయన గొంతులోనూ. ఆ కాలేజీలో నా మీద గాని ఆ పిల్ల మీద గాని ఎవరూ ఎప్పుడూ కోప్పడలేదు. అందరూ చాలా మంచివాళ్ళు.

సువర్ణ ఇంక వాదించలేదు. గ్లాసుతో నీళ్ళు తాగించింది. తడిగుడ్డ నుదుటి మీద వేసింది. తనే ట్రాలీ లాక్కొచ్చి నన్ను దాని మీదికి దొర్లించి, వసారా దాటించి, గోడలో చిన్న గేటు దాకా తోసుకుపోయింది. గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాలేజీ సామాను బయటికెళ్ళాలంటే పాసుండాల పాపా."

"రాసుకో మావా, బిడ్డిక సువర్ణ పట్టుకుపోనాదని."

అతను పుస్తకంలో బొమ్మ, ఒకటి, అని రాసుకుని సంతకం పెట్టించుకుని తాళం తీశాడు. అవతల మలేరియా అన్నారు. పదకొండు రోజులు ఉంచారు. మరో పూట ఆలస్యమైతే కమిటీ కూర్చోకుండానే కండెం అయిపోయేవాణ్ణి.

నలభై మంది పాసయ్యారు. సువర్ణకి మెమో వచ్చింది. "ఉపకరణమును రోగిగా భ్రమించినందుకును, నిర్ణీత ఉష్ణోగ్రతకు భిన్నముగా నమోదు చేసినందుకును, ఉపకరణములో నీరు పోసినందుకును, అనుమతి లేనిదే దానిని ప్రాంగణము దాటించినందుకును అనుత్తీర్ణురాలిగా ప్రకటించడమైనది." ఇదే మెమోలో, అదే నెలలో దీపం వెలిగించి ప్రమాణం చేసే పండగ జరుగుతుందనీ, అందులో ఆమె పాల్గొనరాదనీ కూడా ఉంది. ఆ పండగలో వక్తలందరూ నర్సంటే తల్లి అన్నారు. బొమ్మకీ బిడ్డకీ తేడా తల్లికి తెలియాలని ఒక్కరూ అనలేదు.

సువర్ణ అప్పీలు పెట్టుకుంది. నా ఆసుపత్రి కాగితాలు జత చేసింది. మండలి వాళ్ళు రెండు నెలలు పరిశీలించారు. కాగితం మీద ఆసుపత్రి ముద్ర ఉంది గనక కాదనలేకపోయారు. తీర్పు గవరయ్య నాకు చదివి వినిపించాడు.

"బొమ్మ నంబరు రెండుకు జ్వరము నూట మూడు ఉండినట్లు రుజువైనది. కావున ఇకమీదట జరుగు పరీక్షలన్నింటికిని సదరు బొమ్మ ఉష్ణోగ్రత నూట మూడుగా నిర్ణయించడమైనది. ఇదివరలో తొంభై ఎనిమిది పాయింట్ ఆరు అని వ్రాసి ఉత్తీర్ణులైనవారు అప్పటి పత్రము ప్రకారము ఉత్తీర్ణులే. నూట మూడు అని వ్రాసి తప్పినవారు అప్పటి పత్రము ప్రకారము తప్పినవారే. ఫిర్యాదుదారు కొత్త పత్రము ప్రకారము సప్లిమెంటరీ పరీక్షకు హాజరు కావచ్చును."

"మండలోళ్ళు ఆ గుంట మాట నెగ్గించీసినారురా తవిటయ్యా," అన్నాడు గవరయ్య.

నాకూ మొదట అలాగే అనిపించింది. సప్లిమెంటరీకి వారం ఉందనగా తట్టింది, ఇప్పుడు నాకు జ్వరం లేదు.

సువర్ణ పేరు మీద సబ్ సెంటరు పోస్టు ఇంకా ఖాళీగా ఉంచారు. ఈసారి పాసైతే ఆమెకి, లేదంటే ర్యాంకు ప్రకారం హిమబిందుకి. ఆ వారం రోజులూ నేను తల ఒంచుకుని జ్వరం తెచ్చుకునే సంగతే ఆలోచించాను. ఎండలో నిలబడ్డాను. చెరువులో ములిగి తడిబట్టల్తో గాలికి కూర్చున్నాను. రాలేదు. పదకొండు రోజులు ఆసుపత్రివాళ్ళు మందులు పోసి గట్టి చేసేశారు. అక్కర్లేనప్పుడు వచ్చినది అక్కరకి పిలిస్తే రాలేదు.

పరీక్ష నాడు పొద్దున్న పారమ్మ కూరగాయలు తరుగుతోంది. నేను బుట్టలోంచి ఒక ఉల్లిపాయ తీసి రెండు ముక్కలు చేశాను.

"దేనికీ?"

"జొరానికి."

బళ్ళో నేను మూడేళ్ళే ఉన్నాను. ఆ మూడేళ్ళలో నేర్చుకున్నవాటిలో నాకు గుర్తున్నది ఒక్కటే. చంకలో ఉల్లిపాయ పెట్టుకుంటే ఒళ్ళు వేడెక్కుతుందని, బడి ఎగ్గొట్టవచ్చని. పారమ్మ నా మొహం చూసింది. ఇంకో ఉల్లిపాయ కోసి రెండో చంకకి ఇచ్చింది. "ఆ గుంట కోసమైతే రెండూ పెట్టుకో," అంది.

ఆ సప్లిమెంటరీకి ఎనిమిది మంది. మిగతా ఏడుగురూ వేరే కాలేజీల నుంచి వచ్చినవాళ్ళు. కొత్త పత్రం ఏమిటో జిల్లా అంతా తెలుసు. ఏడుగురూ చల్లటి చేతులతో వచ్చి, నూట మూడు వేసి, దుప్పటి మడిచి వెళ్ళారు. చక్రధరం గారు ప్రతి జవాబుకీ తల ఊపారు.

సువర్ణ వచ్చింది. ఎప్పటిలాగే ముందు నుదుటి మీద చెయ్యి పెట్టింది. ధర్మామీటరు పెట్టడానికి నా చెయ్యి ఎత్తగానే ఉల్లిపాయ ముక్క కిందపడి మంచం కిందికి దొర్లింది.

"తాతా, ఇదేటిది?" అంది గుసగుసగా.

నేను అప్పటికి ఏడాదిన్నర నుంచి ఆ మంచం మీద ఒక్క మాట మాట్లాడలేదు. పెదవులు కదలకుండా అన్నాను. "నూట మూడు రాసీ."

రెండో చంకలోదీ తీసేసింది. బేసిన్‌లో గుడ్డ తడిపి రెండు పక్కలా తుడిచింది. చర్మం ఎర్రబడింది కాబోలు, పౌడరు రాసింది. అప్పుడు ధర్మామీటరు పెట్టి, గడియారం చూస్తూ నిలబడింది.

"రాసీవే. మీ ఊరి సబ్ సెంటరు తాళం తీద్దువు గాని," అన్నాను మళ్ళీ.

"ఊరుకో తాతా, మాటాడితే సరిగ్గా రాదు."

ఐదు నిమిషాలయ్యాక కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ అమ్మాయి మొహం నాకు ఇటు పక్క నుంచి కనిపించింది. నవ్వింది. పరీక్ష తప్పబోయే మనిషి నవ్వు కాదు. ఆ పిల్లకి ఆ నిమిషంలో పరీక్ష గుర్తు లేదు.

"తొంభై ఎనిమిది పాయింట్ నాలుగు," అంది. "బాగా తగ్గిపోనాది తాతా నీకు."

"మరోసారి సరిచూసుకో," అన్నారు చక్రధరం గారు. "ఏడుగురికి నూట మూడు వచ్చింది. నువ్వే అప్పీలు చేసి సాధించుకున్న అంకె అది."

"అది ఆరోజుది సార్."

"ఉష్ణోగ్రతకు రోజులుండవు. ఉత్తర్వులో తేదీ లేదు."

"మీరే ఓపాలి చెయ్యేసి చూడండి సార్."

"పరీక్షాధికారి ఉపకరణమును తాకరాదు," అన్నారాయన.

నేను లేచి కూర్చున్నాను. "నాకు జొరం లేదు బాబూ," అన్నాను. ఆ గదిలో నా గొంతు ఎవరూ విని ఉండలేదు. ఎస్తేరు రాణి మేడం తల దించుకున్నారు. ఆవిడ కళ్ళనీళ్ళు రిజిస్టరు మీద పడ్డాయి, గవరయ్య గబగబా అద్దుడు కాగితం వేశాడు. చక్రధరం గారు నన్ను చూడలేదు, పత్రం చూశారు. సువర్ణ నంబరు ఎదురుగా ఎర్ర సిరాతో గీత గీసి, కింద రెండో వరసలో, "బొమ్మ నుండి శబ్దము వచ్చుచున్నది" అని రాసుకున్నారు.

పోస్టు హిమబిందుకి ఇచ్చారు.

కమిటీ కూర్చుని, శబ్దం చేసే వస్తువు పనికిరాదని నన్ను కండెం చేసి వదిలేసింది. వదిలేశాక ఒకసారి బస్సెక్కి ఆ కొండ ఊరికి వెళ్ళాను. సబ్ సెంటరు తాళం తీసే ఉంది. గోడలకి సున్నం, కిటికీలకి తెరలు. హిమబిందు బల్ల దగ్గర కూర్చుని ముత్యాల్లాంటి దస్తూరీతో రాస్తోంది. మొదట్లో వచ్చిన ప్రతివాళ్ళకీ తొంభై ఎనిమిది పాయింట్ ఆరు వేసేదట. మండలి కొత్త ఉత్తర్వు ఆ కొండమీదికి అందాక, అందరికీ నూట మూడు వేస్తోంది. జిల్లాలో అన్నిటికంటే జ్వరాలెక్కువ ఉన్న ఊరని లెక్క తేలింది. కారణాలు పరిశోధించడానికి ఒక బృందం వచ్చి, నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయింది. కేసులు ఇంత శ్రద్ధగా నమోదు చేసినందుకు హిమబిందుకి ఉత్తమ నర్సు ప్రశంసాపత్రం వచ్చింది. గోడకి తగిలించి ఉంది.

సువర్ణ ఇల్లు అక్కడికి వంద అడుగులు ఉంటుంది. ఆమె నర్సు కాదు. చీపురు పంటలో కూలికెళుతుంది. నేను వెళ్ళేసరికి వాకిట్లో ఐదుగురు కూర్చుని ఉన్నారు. ఒకడి చంకలో ధర్మామీటరుంది, ఆమె కూలికెళ్ళే బట్టలతోనే వాడి పక్కన నిలబడి ఉంది.

"ఇక్కడెందుకు కూచున్నారు? నర్సమ్మ అక్కడుంది కదా," అని ఒక ముసలమ్మని అడిగాను.

"జొరం ఎంతుందో తెలుసుకోడానికి ఇక్కడికొస్తాం బాబూ," అంది ముసలమ్మ. "ఆనక కాగితం రాయించుకోడానికి అక్కడికెళతాం."

ఆ రెండింటికీ మధ్య గడ్డి లేకుండా దారి పడింది.